పిల్లను నేను పంపించలేదు

“పసిపిల్లతోటి పనులు చేపిచ్చుకుంటున్నవ్, సిగ్గనిపిస్తలేదా? ఇంక ఇది నీ గడప తొక్కదు, పో.”

“ఆ గడప రోజూ ఊడ్చేది అదే వదినె. తొక్కుతదో తొక్కదో దాన్నే చెప్పనీయ్.”

మా వదినెకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. వదినె అంటే నా మొగుడికి సొంత అక్క. మధిరలో ఒక బడి గేటు ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి ఈ రెండు మాటలూ అనుకున్నాం. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆమె నన్ను పలకరించలేదు, నేనూ ఆమెను పలకరించలేదు. పోయిన వారం ఆమె చనిపోయింది. కబురు రాగానే వెళ్లాను. పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే అందరితో పాటు తల వంచాను. కంట్లో నీళ్లు రాలేదు, రప్పించుకోనూ లేదు.

మధిర నుంచి తిరిగి వస్తూ ఖమ్మంలో మనవరాలి ఇంట్లో నాలుగు రోజులు ఉందామని ఆగాను. నా కూతురి కూతురు అది. దానికి నాలుగేళ్ల పాప ఉంది. మర్నాడు పొద్దున పాప చదివే బడి వాళ్లు ఒక కాగితం పంపించారు. ఇంటి దగ్గర పిల్లలతో రోజూ చేయించవలసిన పనులట. మనవరాలు నాకు చదివి వినిపించింది. ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయించాలట. శనగలూ పెసలూ కలిపి పెట్టి వేరు చేయించాలట. తువ్వాలు మడత పెట్టించాలట, కూరగాయలు కడిగించాలట, భోజనానికి కంచాలు పెట్టించాలట. ఇట్లా చేస్తే పిల్లలకు బతుకు తెలుస్తుందట! వింటూ వింటూ నాకు నవ్వు వచ్చింది. ఇవన్నీ నీకు నాలుగేళ్లు నిండకముందే నేను నేర్పించాను కదే అన్నాను.

అది కాగితంలోంచి తల ఎత్తలేదు. “నాకేం గుర్తులేదు అమ్మమ్మా. సాకలేనని నువ్వే కదా నన్ను మధిర అమ్మమ్మకు ఇచ్చేసింది,” అంది.

“ఎవరన్నరే ఆ మాట?”

“మధిర అమ్మమ్మే. చిన్నప్పటి సంది చెప్తనే ఉంది.”

ఏదో కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు అంది ఆ మాట. దానికి కోపం కూడా లేదు. ఇరవై ఏళ్లు ఆ మాటతో పెరిగి, అది అరిగిపోయి మామూలైపోయింది దానికి. నాకు మాత్రం అరికాలి నుంచి నడినెత్తి దాకా మంట లేచింది. చచ్చినవాళ్లను తిట్టకూడదంటారు. చచ్చేముందు ఆడిన అబద్ధం ఒప్పుకుని పోవాలని మాత్రం ఎవరూ అనరు.

నాకు నా పేరు రాయడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకంటే అక్షరం రాదు. అందుకని నోటుబుక్కు తెమ్మన్నాను. నేను చెప్తాను, నువ్వు రాయి అన్నాను. అదే రాస్తోంది. నా ఈడు ఆడవాళ్లు ఎవరైనా దీన్ని చదివించుకుని వింటే, వాళ్లకు నేను వివరించి చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ఈ రాసేదానికే.

మా ఊరు ఏన్కూరు దాటి లోపలికి. మా ఇంటి వెనక మిరప చేలు అయిపోయిన చోట టేకు చెట్లు, తునికి పొదలు మొదలై, అక్కడి నుంచి అడవి ఎటు పోతుందో మాకే తెలియదు. నా మొగుడు మలేరియా జ్వరంతో, దవాఖానాకు ట్రాక్టరు మాట్లాడేలోగానే పోయాడు. అప్పటికి నా ఒక్క కూతురూ అల్లుడూ అశ్వారావుపేట పామాయిలు తోటల్లో పనికి కుదిరి ఉన్నారు. అల్లుడు గెలల ట్రాక్టరు నడిపేవాడు, కూతురు గెలలు ఎత్తేది. తోటల్లో పాముల భయం, పిల్లను చూసేవాళ్లు లేరు. రెండేళ్లు నిండి మూడో ఏడు నడుస్తుండగా మనవరాలిని తెచ్చి నా దగ్గర వదిలారు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే చేతుల్లోకి వస్తున్న రోజులు. మా దగ్గర మాత్రం సిగ్నలు లేదు, మాట్లాడాలంటే ఏన్కూరు పోవాలి.

ఇంట్లో మేమిద్దరమే. నేను పనిలోకి దిగితే అది నా కొంగు పట్టుకుని వెనకాలే తిరిగేది. వెనకాల తిరిగేదాన్ని కాలికి అడ్డం పడకుండా ఉంచాలంటే ఒకటే దారి, దానికీ ఒక పని చెప్పడం. పాఠమూ లేదు, పాడూ లేదు. మా అమ్మ నన్ను అట్లాగే పెంచింది, వాళ్లమ్మ ఆమెను అట్లాగే పెంచింది.

మొదటి పని కోళ్లకు నీళ్లు. ఒక చిన్న చెంబు దాని చేతికిచ్చాను. నీళ్ల గోలెం నుంచి కోళ్ల మూకుడు దాకా పది అడుగులు ఉంటుందేమో. మూకుట్లో పడేవి నాలుగు చుక్కలు, మిగిలినవన్నీ దాని పాదాల మీద. నేను ఒక్కనాడూ కసరలేదు. పడితే పాతగుడ్డ తెచ్చి తుడవాలి, అంతే, పోసినవాళ్లే తుడవాలి. వారం రోజులు తుడిచింది. ఎనిమిదో రోజు చెంబు సగమే ముంచుకుని, రెండు చేతులతో పట్టుకుని, నాలుక బయట పెట్టి, ఒక్క చుక్క కింద పడకుండా తీసుకుపోయింది. సగమే ముంచమని నేను చెప్పలేదు. అది దానికదే కనిపెట్టింది. ఆ రోజు దాని మొహం చూసి ఉంటే మా వదినె నోరు పడిపోయి ఉండేది.

అరిగిన చీపురు ఒకటి పొట్టిగా కోసి కట్టి ఇచ్చాను. వాకిలి నాది, గడప దానిది. ఊడుస్తుంటే చీమల బారు అడ్డం వస్తే చీపురు ఎత్తి పట్టుకుని, అవన్నీ పోయేదాకా నిలబడేది. ఎంతసేపు నిలబడ్డావే అంటే, ఇంకా వాళ్ల పిల్లలు రాలేదు అనేది. ఇంక ఆ రోజు గడప ఊడవడం మధ్యాహ్నానికి తెమిలితే గొప్ప.

కంచాలు పెట్టడం కూడా అదే. ఒకటి రెండు అని అంకెలు నేర్పలేదు నేను, నాకొస్తే కదా. మనుషుల పేరు చెప్పి పెట్టేది. ఇది అమ్మమ్మకు, ఇది నాకు, పక్కింటి అవ్వ వస్తే ఇది అవ్వకు. ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరుగారు మా ఇంట్లో తింటే ఆయన ముందు పెద్ద కంచం పెట్టి, ప్రార్థన అయ్యేదాకా కళ్లు గట్టిగా మూసుకుని, మధ్యలో ఒక కన్ను తెరిచి అన్నం గిన్నె మీద మూత ఉందో లేదో చూసేది.

పక్కింటి అవ్వ అంటే అడవి ఊరి నుంచి వచ్చి మా పక్కన గుడిసె వేసుకున్న ముసలామె. వాళ్ల దేవుళ్లు వేరు, వాళ్ల పద్ధతి వేరు. మామిడికాయ చెట్టు నిండా కాసినా వాళ్ల పండుగ చేసుకునేదాకా నోట్లో పెట్టుకోరు. మాది చర్చి ఇల్లు, మాకు ఆ పట్టింపు లేదు. అయినా పక్కింట్లో తినని కాయ మన వాకిట్లో కొరుక్కుంటూ తిరిగితే బాగుండదని పిల్లకు చెప్పాను. మూడున్నరేళ్ల పిల్ల, రాలిన కాయలన్నీ ఏరి బుట్టలో పోసి, రోజూ పొద్దున్నే పోయి, అవ్వా పండుగ ఎప్పుడు అని అడిగి వచ్చేది. ఆ ముసలామె దాన్ని ఎత్తుకుని, “నా కంటె నీకే తొందరున్నది గదనే పోరీ! ఉండు, దేవుని లేపొస్తా,” అని నవ్వేది. పండుగ నాడు మొదటి ముక్క తెచ్చి దాని నోట్లోనే పెట్టింది. ఓర్చుకోవడం ఏ బడిలో నేర్పుతారు, చెప్పండి.

ఇక మిరపకాయల సంగతి. ఇది జాగ్రత్తగా రాయి, ఇక్కడి నుంచే నా ఇల్లు మునిగింది.

మిరప కోత అయ్యాక మా కళ్లం నిండా కాయ ఎర్రగా పరుచుకుంటుంది. ఎండిన కాయల్లో రంగు పోయి తెల్లబడిన కాయలు ఉంటాయి, వాటిని తాలు అంటాం. మంచికాయలోంచి తాలు ఏరాలి. ఆడవాళ్లం వరుసగా కూర్చుని మొహానికి గుడ్డ కట్టుకుని ఏరేవాళ్లం. పిల్ల నా పక్కనుంచి కదలదు. పసిచేతులతో మిరపకాయ పట్టుకుని కళ్లు నులుముకుంటే ఏం కావాలి? అందుకని ఒక కట్టడి పెట్టాను. ఎర్రవి కనబడితే చేతులు వెనక్కి. వెనక చేతులు కట్టుకుని, కాస్త దూరంగా, గాలికి ఎదురు కాకుండా నిలబడి కళ్లతో చూడాలి. తాలు ఎక్కడుందో నోటితో చెప్పాలి. అది చెప్పేది, మేం తీసేవాళ్లం. మా కళ్లకు ఆనని తాలు దాని కళ్లకు ఆనేది. “అగో అమ్మమ్మా, తాలు! నీ మోకాలు కాడ!” అని అరిచేది. అక్కడి ఆడవాళ్లు, మాకు కొత్త మేస్త్రి వచ్చింది, చేతులు వెనక్కి పెట్టి ఎట్లా అజమాయిషీ చేస్తుందో చూడండి అని ఆటపట్టించేవాళ్లు. రెండు కోతలు చూసింది అది. ఒక్కసారి కూడా దాని కళ్లు మండలేదు.

రెండో కోత అయిపోయిన ఎండాకాలం అల్లుడు వచ్చి, పిల్లను ఇంగిలీషు బడిలో వేయాలి, మధిర అత్త పనిచేసే బడిలోనే వేద్దాం, చేర్చుకునే ముందు పిల్లను చూస్తారట, పోదాం పద అన్నాడు. వదినె అక్కడ టీచరు. ఆమెకు పిల్లలు లేరు. బడి తెరిచేదాకా పిల్ల నా దగ్గరే ఉంటుందని, తర్వాత ప్రతి సెలవులకూ వస్తుందని చెప్పారు. సరే అన్నాను. పిల్లకు తల దువ్వి, రెండు జడలు వేసి, నేనే బస్సెక్కించాను. ఈ సరే అన్న మాటను నేను దాచడం లేదు. చూపించడానికి సరే అన్నాను. ఇవ్వడానికి అనలేదు.

బడిలో ఒక గదిలో పెద్ద మేడమ్ కూర్చుంది. పక్కన మా వదినె, కొత్త చీర కట్టుకుని నిలబడింది. కూతురూ అల్లుడూ లోపల కుర్చీల్లో, నేను గుమ్మం దగ్గర. బల్ల మీద రంగురంగుల చెక్కముక్కలు పోసి, ఎర్రవన్నీ తీసి నా చేతికి ఇవ్వమ్మా అంది మేడమ్. నా మనవరాలు ఆ ఎర్రముక్కలు చూసింది, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

తీసివ్వు అంది మేడమ్ మళ్లీ. అది చేతులు ఇంకా గట్టిగా కట్టుకుంది. ఎరుపంటే ఏదో తెలియదా అంది మేడమ్ మా వదినెను చూసి. వదినె మొహం మాడిపోయింది. దగ్గరికి వచ్చి పిల్ల చెయ్యి లాగి ముక్క మీద పెట్టబోయింది. పిల్ల కేక పెట్టింది.

“ముట్టొద్దు! కండ్లు మండుతయ్!”

ఎవరు చెప్పారమ్మా నీకు అని మేడమ్ అడిగింది. అడగడం మెత్తగానే అడిగింది. అంతే, నా తల్లికి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. తనకు ఏమేం వచ్చో అడుగుతున్నారనుకుంది. వచ్చినవన్నీ చెప్పింది. “నేను తాలు చూస్త. గడప ఊడుస్త. కోళ్లకు నీళ్లు పోస్త. కింద పోస్తే నేనే తుడుస్త. అమ్మమ్మకు అన్నం కంచం నేనే పెడ్త.” ఒక్కొక్కటి చెప్పి నా వంక చూసి నవ్వుతోంది. నేను మెచ్చుకుంటానని.

మేడమ్ పెన్ను కింద పెట్టింది. నాలుగేళ్లు నిండని పిల్లతో మిరపకాయలు ఏరిస్తున్నారా, చీపురు పట్టిస్తున్నారా, ఇది నేరం, తెలుసా అంది. అప్పుడు నేను చెప్పవలసింది. మిరపకాయ ముట్టకుండా నేర్పించానమ్మా అని, అందుకే అది చేతులు కట్టుకుందమ్మా అని, రెండు ముక్కలు. ఆ గదిలో గాజు బీరువాలు, గోడ మీద పటాలు, ఆ ఫ్యాను. నా చెప్పులు బయట విడిచిన చోటు చూస్తూ నిలబడ్డాను. ఎన్ని కళ్లాల మీద ఎంతమందితో పోట్లాడిన నోరు ఇది! ఆ పూట మూగబోయింది. మా వదినె నా బదులు జవాబు చెప్పింది. “సదువు లేంది మేడమ్, మా తమ్ముడు పోయినంక అడిగేటోళ్లు లేరు. ఇయాల్టి సంది పిల్ల నా కాడనే ఉంటది,” అంది.

నన్ను అడగలేదు. నా వంక తిరగను కూడా తిరగలేదు. అల్లుడు తల ఊపాడు. బయటికి వచ్చాక, “మధిర అత్త కాడుంటే ఇంగిలీషొస్తది అత్తా. నీ కాడ ఏమొస్తది, చీపురు పట్టుడా?” అన్నాడు. నా కూతురు పిల్ల సంచీ చేతిలో పట్టుకుని నేల చూపులు చూసింది. మీ అమ్మే. పెన్ను ఆపకు, రాయి. నా కడుపున పుట్టి, నా ఇంట్లో చీపురు పట్టి పెరిగి, ఆ పూట ఒక్క మాట నా తరఫున మాట్లాడలేదు. మొగుడు లేనిదాని పక్కన నిలబడితే ఏం పోతుందో ఆమెకు.

గేటు దగ్గర వదినె పిల్లను చంకనెత్తుకుని లోపల నిలబడింది, నేను బయట. అప్పుడే ఆ రెండు మాటలూ నడిచాయి. పిల్లకు ఏం జరుగుతోందో తెలియలేదు. ఏడవలేదు కూడా. “అమ్మమ్మా, కోళ్లకు నీళ్లు?” అంది. నేను పోస్తాలే తల్లీ అన్నాను. అని బస్సెక్కాను. ఇదీ నేను పంపించడం!

నెల తిరిగాక మధిరలో వదినె ఇంటికి వెళ్లాను. వదినె బయటికి రాలేదు, ఇంట్లోవాళ్లే వరండాలో కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చారు, పిల్ల నిద్రపోయిందన్నారు. లోపల దాని గొంతు నాకు వినబడుతూనే ఉంది. మళ్లీ వెళ్లాను. బూట్లు, మేజోళ్లు వేసుకుని వచ్చి నాకు గుడ్ మార్నింగ్ చెప్పింది. బడి గురించి అడిగితే జవాబుకు ముందు లోపలి తలుపు వంక చూసింది. మూడోసారి వెళ్తే ఇంటికి తాళం వేసి ఉంది. వస్తున్నానని ముందే కబురు పంపాను, అయినా తాళం వేసుకుని పోయారు.

ఏడాది తిరిగాక ఎండాకాలంలో అల్లుడే తెచ్చి వారం రోజులు వదిలాడు. అశ్వారావుపేటకని వదినెకు చెప్పి, ఆమెకు తెలియకుండా ఇటు తెచ్చాడట. ఆ ఒక్క మేలు చేశాడు. పిల్ల మంచం మీద కూర్చుంది. దాహం అంది. ముంచుకో తల్లీ అన్నాను. లేచి కడవ దగ్గరికి పోయి గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడింది. ఏమైందే అంటే, “పడితే?” అంది. పడితే తుడుచుకుంటాం కదే అన్నాను. దానికి ఆ మాట కొత్తగా ఉంది. నా వంక ఎట్లా చూసిందంటే, పడితే కొట్టకుండా ఉండే మనుషులు కూడా ఉంటారా అన్నట్టు చూసింది.

మా వదినె కొట్టిందో లేదో, కొడితే ఎంత కొట్టిందో నాకు తెలియదు. తెలియనిది రాయించను. తెలిసింది మాత్రం చెప్తాను. నా దగ్గర ఉన్నప్పుడు నీళ్లకు భయపడని పిల్ల, ఆమె దగ్గర ఏడాది ఉండి నీళ్లకు భయపడింది. అవతల పక్కన చెప్పవలసింది కూడా చెప్తాను, నాకు అబద్ధం నోట రాదు. ఆమె దాన్ని చదివించింది. జ్వరం వస్తే పక్కన కూర్చుంది. దాని పెళ్లి ప్రార్థనలో ఆమే ముందు వరుసలో ఏడ్చింది. అవన్నీ నిజమే. అట్లాంటిది, పిల్లకు నా మీద ఆ ఒక్క అబద్ధం ఎందుకు చెప్పాలి? పిల్ల నా కోసం ఏడవకుండా ఉండాలనా? ఏడిస్తే ఏడవనీయరాదా! అమ్మమ్మ కోసం ఏడ్చే హక్కు కూడా తీసుకుంటారా?

ఈ పొద్దున ఈ ఇంట్లో నా మునిమనవరాలు ట్రే మీద రెండు గ్లాసులు పెట్టుకుని నీళ్లు అటూ ఇటూ పోసింది. చక్కగా పోసింది, మెచ్చుకోవాలి. వాళ్లమ్మ, అదే ఈ రాసేది, బడికి పంపడానికి ఫోనులో బొమ్మ తీసింది. బొమ్మ తీయడం అయ్యాక ఆ నీళ్లు సింకులో పారబోశారు. శనగలూ పెసలూ వేరు చేసింది, మళ్లీ కలిపి డబ్బాలో పోశారు, రేపటికి కావాలట. పిల్లలు అప్పుడూ పోశారు, ఇప్పుడూ పోస్తున్నారు. అప్పుడు ఆ నీళ్ల కోసం ఏదో ఒక నోరు ఎదురుచూసేది. చిన్న చేతులు ఆలస్యం చేస్తే ఇంట్లో ఏదో ఒకటి ఆగేది. ఇప్పుడు పిల్లల మీద ప్రేమకు లోటు లేదు, వాళ్ల చేతుల అవసరమే ఎవరికీ లేదు. నాలుగేళ్ల పిల్లకు తాను లేకపోతే ఇల్లు నడవదని అనిపించడం ఎంత గొప్ప సంగతో, అది అనుభవించిన మా తరం వాళ్లం ఒక్కొక్కరమే రాలిపోతున్నాం. అప్పుడు నేరమన్నవాళ్లు ఇప్పుడు కాగితం మీద అచ్చు వేసి పంపుతున్నారు. మధ్యలో పోయిన నా పిల్లను ఎవరు తెచ్చిస్తారు?

ఇక చాలు. నాకు ఆయాసం వస్తోంది. ఆ నోటుబుక్కు ఇటు తిప్పి మొదటి నుంచి చదివి వినిపించు తల్లీ. మీ అమ్మను అన్న చోట గొంతు తగ్గించకు, మధిర అమ్మమ్మను తిట్టిన చోట మాట మింగకు. నువ్వేమైనా మెత్తగా మార్చి రాశావేమో నాకు వింటే తెలిసిపోతుంది. ఇన్నేళ్లూ నీ చెవిలో ఆమె గొంతే ఉంది. ఇప్పుడు నీ నోటితో నువ్వే చదువు, నీ చెవికి నువ్వే చెప్పుకో. నేను పంపించలేదన్న మాట వచ్చినప్పుడు ఆగి, నా వంక చూసి చదువు. ఊఁ, కానియ్యి.